గడ్డకట్టే చలి కూడా ఒక కరువే

ఒకే రకం గింజలు రెండు గుప్పెళ్లు తీసుకోండి. ఒక గుప్పెడు ఎండు గింజల్ని అలాగే ఉంచి, రెండోదాన్ని రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. తెల్లారాక రెండింటినీ డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. రెండు రోజుల తర్వాత బయటికి తీసి, తడిగుడ్డలో చుట్టి చూడండి. ఎండు గింజలు ఏమీ జరగనట్టే మొలకెత్తుతాయి. నానినవి మెత్తబడి, నీరు కారి, కుళ్లిపోతాయి. రెండూ పడిన చలి ఒక్కటే. తేడా అంతా లోపలున్న నీళ్లలోనే. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008లో మొదలైన ప్రపంచ విత్తన భాండాగారం నడిచేది కూడా ఈ లెక్క మీదే. గింజల్ని బాగా ఆరబెట్టి, గాలి చొరని సంచుల్లో సీలు వేసి, మైనస్ 18 డిగ్రీల దగ్గర దాస్తారు.

ఎడారి మొక్క మంచులో ఎలా బతుకుతుందన్న ప్రశ్నకు సగం జవాబు ఈ గింజల్లో ఉంది. మిగతా సగం చాలా చిక్కుగా ఉంటుంది. ఎందుకంటే ఎడారి మొక్క అనగానే మనకు గుర్తొచ్చేది ఎండు గింజ లాంటిది కాదు, ఒంటి నిండా నీళ్లు నింపుకున్న జెముడు. అది నానిన గింజలాగా చచ్చిపోవాలి కదా? కొన్ని నిజంగానే చచ్చిపోతాయి. కొన్ని మాత్రం మైనస్ 40 డిగ్రీల చలిని కూడా దాటేసి వసంతంలో పూలు పూస్తాయి.

ఎడారి అంటే వేడి అన్న అలవాటును ముందు కాస్త పక్కన పెట్టాలి. ఎడారికి గుర్తు నీటి కొరత, ఎండ కాదు. గోబీ, పటగోనియా, అమెరికాలోని గ్రేట్ బేసిన్ లాంటి చోట్ల శీతాకాలం ఎముకలు కొరికేస్తుంది. వేడి ఎడారుల్లో కూడా రాత్రిళ్లు చల్లగానే ఉంటాయి. గాలిలో తేమ తక్కువ, మబ్బు ఉండదు. పగలు నేల దాచుకున్న వేడి చీకటి పడగానే నేరుగా ఆకాశంలోకి పోతుంది. అందుకే ఈ మొక్కలకు దాహమూ చలీ రెండూ పాత పరిచయాలే.

ఐసు పుట్టేది కణం బయట

నీళ్లసీసాను నిండుగా నింపి ఫ్రీజర్‌లో పెడితే పగిలిపోతుంది. గడ్డకట్టేటప్పుడు నీరు సుమారు 9 శాతం ఉబ్బుతుంది. మొక్క కణాలు కూడా ఇలాగే పగిలి చస్తాయని చాలామంది అనుకుంటారు. కణం లోపలే ఐసు పుడితే అది నిజంగా చావే, దాన్నుంచి తేరుకున్న కణం దాదాపు ఉండదు. కానీ ఆరుబయట, గంటగంటకూ కొద్దికొద్దిగా చలి పెరిగే రాత్రిలో, ఐసు మొదట పుట్టేది కణాల మధ్య ఉన్న సందుల్లో.

దీనికి కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. కణాల మధ్య ఉన్న నీరు పల్చన. కణం లోపలి రసంలో చక్కెరలు, లవణాలు కలిసి ఉంటాయి కాబట్టి అది ఇంకాస్త కిందికి దిగితే గానీ గడ్డకట్టదు. పైగా నీరు సున్నా దగ్గర తనంతట తాను ఐసు అయిపోదు. మొదటి పలుకు అతుక్కోవడానికి ఏదో ఒక ఆధారం కావాలి. అది దొరక్కపోతే సన్నని స్వచ్ఛమైన నీటి బిందువు మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండగలదు. ఆకు పైనా, సందుల్లోనూ ఆ ఆధారాలు బోలెడు: దుమ్ము, గరుకు గోడలు, సూడోమోనాస్ సిరింజీ అనే బాక్టీరియా. ఈ బాక్టీరియా ఒంటి మీది ప్రొటీన్ మైనస్ 2 డిగ్రీల దగ్గరే ఐసును మొదలుపెట్టించగలదు.

ఇక్కడి నుంచే అసలు కథ. ఐసు పలుకు పుట్టిన క్షణం నుంచి అది తన చుట్టూ ఉన్న నీటిని లాక్కుంటూ పెరుగుతుంది. కణం లోపలి నీరు త్వచం, అంటే కణాన్ని చుట్టి ఉండే పల్చటి పొర గుండా బయటికి వచ్చి పలుకుకు చేరుతుంది. కణం కుంచించుకుపోతుంది. ఈ లాగుడు ఎంత బలమైనదో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. సున్నా కంటే ఒక్కో డిగ్రీ దిగేకొద్దీ ఐసు లాగే బలం సుమారు 12 వాతావరణ పీడనాలంత పెరుగుతుంది. నేల ఎండిపోయి పంట మొక్క ఇక తేరుకోలేనంతగా వాడిపోయేది 15 వాతావరణ పీడనాల దగ్గర అని వ్యవసాయ శాస్త్రంలో ఒక వాడుక లెక్క. అంటే మైనస్ 5 డిగ్రీల రాత్రి కణం మీద పడే దాహం, పైరు చచ్చిపోయే కరువుకు నాలుగు రెట్లు. మైనస్ 10 అయితే ఎనిమిది రెట్లు.

ఈ సంగతి ఇవాళ్టిది కాదు. ద్రాక్ష రకానికి తన పేరు మిగిల్చిన హెర్మన్ ముల్లర్-తుర్గావ్ 1880లలోనే, చలికి మొక్క చచ్చేది నీరు లాగేయబడడం వల్లేనని వాదించాడు. 1897లో హాన్స్ మోలిష్ తన సూక్ష్మదర్శినిని చల్లటి పెట్టెలో పెట్టి, జీవకణాలు గడ్డకట్టడాన్ని కళ్లారా చూసి రాశాడు. ఆ తర్వాత 1912లో రష్యా శాస్త్రవేత్త నికొలాయ్ మాక్సిమోవ్, చక్కెర ద్రావణంలో ఉంచిన మొక్క ముక్కలు ఎక్కువ చలిని తట్టుకుంటాయని చూపించాడు. ఇదే మాక్సిమోవ్ తర్వాత కరువును తట్టుకునే మొక్కల మీద ప్రపంచానికి పెద్ద దిక్కయ్యాడు. ఒకే మనిషి ఈ రెండు దారుల్లోనూ నడవడం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

కుంచించుకోవడం ఒక్కటే అయితే కణం ఓర్చుకుంటుంది. దెబ్బ బయటపడేది కరిగేటప్పుడు. దీన్ని కార్నెల్ యూనివర్సిటీలో పీటర్ స్టెపోంకస్ బృందం 1980లలో రై అనే ధాన్యపు మొక్క ఆకుల కణాల్లో చాలా దగ్గరగా చూసింది. గోడ ఒలిచేసి, త్వచం మాత్రమే ఉన్న గుండ్రటి కణాల్ని తీసుకున్నారు. చలికి అలవాటు పడని కణం కుంచించుకునేటప్పుడు, వదులైన త్వచం చిన్న బుడగలుగా తెగి లోపలికి పోతుంది. కరిగి నీరు తిరిగొచ్చినప్పుడు ఆ తెగిన భాగం మళ్లీ పైకి రాదు. త్వచం చాలదు, కణం పగిలిపోతుంది. చలికి అలవాటు పడిన కణంలో అదే వదులు త్వచం చిన్న చిన్న మొలకల్లా బయటికి పొడుచుకొస్తుంది, తెగిపోదు. నీరు రాగానే ఆ మొలకలు లోపలికి సర్దుకుని కణం మళ్లీ నిండుగా ఉబ్బుతుంది. ఎండాకాలం బట్టను మడతపెట్టి దాచుకున్నవాడికీ కత్తిరించి పారేసినవాడికీ ఉన్న తేడా అది. ఈ తేడా ఎక్కువగా త్వచంలోని కొవ్వుల రకాన్ని బట్టి వస్తుంది. చలి ముదిరే ముందు మొక్క ఆ కొవ్వుల్ని మార్చుకుంటుంది.

ఒకే తాళానికి రెండు చేతులు

కణానికి సంబంధించినంతవరకు చలి కూడా నీటి కరువే అయితే, కరువుకు వాడే సామాన్లే చలికీ పనికిరావాలి. పనికొస్తాయి. సుక్రోజ్, రాఫినోజ్ లాంటి చక్కెరలు పోగుపడి కణంలో కొంత నీటిని పట్టి ఉంచుతాయి, నీరు పోయిన చోట త్వచాలు ఒకదానికొకటి అంటుకోకుండా అడ్డుపడతాయి. డీహైడ్రిన్లు అనే ప్రొటీన్లు కూడా అదే పనికి వస్తాయి. వాటి పేరులోనే నీరు కోల్పోవడం ఉంది. గింజ ఎండేటప్పుడూ, వేరుకు నీరందనప్పుడూ, ఆకుకు చలి తగిలినప్పుడూ ఇవే తయారవుతాయి.

ఈ బంధుత్వం జన్యువుల దాకా వెళ్తుందని తెలిసిన తీరు నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 1997లో అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో మైకేల్ థామషో బృందం, ఆవాల కుటుంబానికి చెందిన అరాబిడాప్సిస్ అనే బుల్లి మొక్కలో చలి సంగతి వెతుకుతూ ఒక జన్యువును పట్టుకుంది. దానికి సీబీఎఫ్ అని పేరు పెట్టారు. 1998లో జపాన్‌లో కజువో షినోజాకి, కజుకో యమగుచి-షినోజాకి బృందం అదే మొక్కలో కరువు సంగతి వెతుకుతూ డ్రెబ్ అనే జన్యువుల్ని పట్టుకుంది. పక్కపక్కన పెట్టి చూస్తే సీబీఎఫ్, డ్రెబ్1 ఒకే కుటుంబం. చలి తగిలిన పావుగంటలోనే అవి మేలుకుంటాయి. వాటికి చుట్టమైన డ్రెబ్2 జన్యువులు కరువుకు మేలుకుంటాయి. పిలుపు వేరు, కానీ రెండూ వెళ్లి డీఎన్ఏ మీద తట్టేది ఒకే తాళాన్ని. అది తెరుచుకుంటే కణాన్ని కాపాడే ప్రొటీన్ల తయారీ మొదలవుతుంది.

మరి ఆ తాళాన్ని ఎప్పుడూ తెరిచే ఉంచితే? జపాన్ బృందం అదీ చేసి చూసింది. ఆ జన్యువు నిరంతరం పనిచేసేలా మార్చిన మొక్కలు కరువునూ, ఉప్పునూ, చలినీ బాగా తట్టుకున్నాయి. కానీ గిడసబారిపోయాయి. కష్టం వచ్చినప్పుడే మేలుకునేలా మార్చాక ఎదుగుదల చాలావరకు బాగుపడిందని 1999లో ప్రచురించారు. ఓర్పు మొక్కకు ఉచితంగా రాదు. చక్కెరను ఎదుగుదలకు ఖర్చు చేయాలా, దాచాలా అన్న లెక్క ఎప్పుడూ ఉంటుంది.

నీటి ట్యాంకు కట్టుకున్నవాడి కష్టం

ఇంతవరకు విని, అయితే కరువును తట్టుకునే మొక్కలన్నీ చలిని కూడా తట్టుకుంటాయి అనుకుంటే పొరపాటే. ఈ విషయంలో ఎక్కువ గందరగోళం వచ్చేది ఇక్కడే. కరువును తట్టుకోవడం అనే ఒక్క మాట కింద మనం రెండు వేరువేరు బతుకుల్ని కలిపేస్తున్నాం. ఒకటి, ఎండిపోయినా చావకుండా ఉండడం. రెండోది, అసలు ఎండిపోకుండా నీరు దాచుకోవడం. మొదటిదానికి ఐసు తెచ్చే దాహం తెలిసిన కష్టమే. రెండోది మాత్రం తన కణాల్ని ఎప్పుడూ ఎండనివ్వలేదు, కాబట్టి ఎండడం ఎలాగో దానికి నేర్పు లేదు.

అమెరికా, మెక్సికోల మధ్య పరుచుకున్న సొనోరా ఎడారిలో నిలువెత్తు స్తంభంలా పెరిగే సగ్వారో జెముడు రెండో రకానికి మంచి ఉదాహరణ. మడతలు మడతలుగా ఉండే దాని ఒళ్లు వానపడితే విచ్చుకుని టన్నుల కొద్దీ నీరు పడుతుంది. అమెరికాలోని టూసాన్ నగరంలో ఉన్న ఎడారి ప్రయోగశాలలో పనిచేసిన ఫారెస్ట్ ష్రీవ్ 1911లో ఒక విషయం గమనించాడు. ఈ చెట్టుకు ఉత్తరాన హద్దు గీసేది రాత్రి ఎంత చల్లబడిందన్నది కాదట. ఆ గడ్డకట్టిన స్థితి మధ్యాహ్నానికి విడిందా లేదా అన్నదే. రాత్రి సున్నా కిందికి దిగినా పొద్దెక్కాక ఎండ కాస్తే బతుకుతుంది. మబ్బు పట్టి, పగలంతా కూడా కరగకుండా ఉంటే చస్తుంది.

ఇది ఒళ్లు పెద్దదవడంలోని లాభం. లావాటి నీటిస్తంభం తొందరగా చల్లబడదు. పగలు పట్టిన వేడిని రాత్రంతా మెల్లగా ఖర్చు చేస్తుంది, తెల్లారేదాకా నెట్టుకొస్తుంది. ఆ రక్షణ పసి మొక్కకు ఉండదు. బొటనవేలంత సగ్వారో మొక్క గంటలో చల్లబడిపోతుంది. అందుకే అవి ఎక్కువగా పాలోవెర్దే లాంటి చెట్ల కింద బతికి పెద్దవవుతాయి. ఆ కొమ్మలు ఆకాశానికీ మొక్కకూ మధ్య దుప్పటిలా అడ్డుపడి, వేడి పైకి పోకుండా ఆపుతాయి. జెముడులో అన్నిటికంటే నాజూకైనది కొన మీద ఉండే ఎదిగే భాగం. అక్కడ ముళ్లూ నూగూ ఒత్తుగా ఉండడం వల్ల రాత్రి అది కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుందని కాలిఫోర్నియా యూనివర్సిటీలో పార్క్ నోబెల్ లెక్కకట్టి చూపించాడు. ముళ్లు పశువుల్ని ఆపడానికే అనుకునేవాళ్లకు ఇది కొత్తగా ఉంటుంది. ఆండీస్ పర్వతాల ఎత్తుల్లో ఒరియోసీరియస్ జెముళ్లు తెల్లటి జుట్టు కప్పుకుని ముసలివాళ్లలా నిలబడేది కూడా ఊరికే కాదు. ఆ జుట్టు రాత్రి చలికీ పగటి తీవ్రమైన ఎండకూ రెండిటికీ అడ్డు.

సగ్వారో విషయంలో ఒక విషాదమూ ఉంది. 1937 జనవరిలో ఆ ప్రాంతాన్ని తీవ్రమైన చలి తాకింది. ఆ తర్వాతి ఏళ్లలో పెద్ద చెట్లు నల్లబడి, కుళ్లి, కూలిపోవడం మొదలైంది. 1940లలో దాన్ని బాక్టీరియా రోగమని భావించి, జబ్బు పట్టిన చెట్లను నరికి పాతిపెట్టారు. బాక్టీరియా నిజంగానే ఉంది. కానీ చాలావరకు అది చలికి చచ్చిన కండలోకి తర్వాత చేరినదేనని దశాబ్దాల తర్వాత గానీ తేలలేదు. ఇంత పెద్ద చెట్టు చలిదెబ్బ తిన్న మర్నాడే పడిపోదు. ఏళ్లు పడుతుంది. అందుకే కారణమూ చావూ ఒకదానికొకటి అందనంత దూరంలో పడ్డాయి.

ముడతలు పడి బతికే జెముడు

ఇప్పుడు కెనడాకు వెళ్దాం. పీస్ నది పరిసరాల్లో, 56 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటాక కూడా ఒక నాగజెముడు పెరుగుతుంది. పేరు ఒపన్షియా ఫ్రాజిలిస్. వేలెడంత కూడా లేని ఉబ్బెత్తు ముక్కలు ఒకదానికొకటి అతికినట్టు నేల మీద పాకుతూ ఉంటాయి. ఇది జెముడే కాబట్టి నీరు దాచుకునేదే. అయినా మైనస్ 40 కంటే కింది చలిని తట్టుకుంటుంది. పండ్ల కోసం ప్రపంచమంతా పెంచే పెద్ద నాగజెముడేమో దాదాపు మైనస్ 10 దగ్గరే చచ్చిపోతుంది. రెండూ ఒకే ప్రజాతి.

చిన్నదాని కిటుకు శరదృతువులో కనిపిస్తుంది. పగలు కురచబడి, రాత్రులు చల్లబడేకొద్దీ అది నీళ్లు తాగడం తగ్గించేస్తుంది. పక్కన తడి నేల ఉన్నా పెద్దగా పట్టించుకోదు. ఉన్న నీటిని కూడా కొద్దికొద్దిగా వదిలేస్తుంది. నిగనిగలాడే ముక్కలు వారాల్లో వాడి, ముడతలు పడి, కొన్ని ఊదారంగుకు తిరిగి, నేలకు అతుక్కుపోతాయి. అప్పుడు చూసినవాళ్లు చచ్చిందనుకుంటారు. వేలితో నొక్కితే పాత తోలు చెప్పులా ఉంటుంది. ఆ పడుకోవడంలోనూ లాభం ఉంది. మంచు కురిస్తే దాని కింద ఉండొచ్చు. పొడి మంచు మంచి దుప్పటి. పైన మైనస్ 30 ఉన్నా, తగినంత మందంగా మంచు కప్పితే కింద నేల దగ్గర అంత చలి చేరదు.

లోపల ఇంకా పెద్ద పని జరుగుతుంటుంది. నీరు తగ్గేకొద్దీ చక్కెరలు చిక్కబడతాయి, కొత్తవీ చేరతాయి. జెముడు కోసినప్పుడు సాగే జిగురు ఉంటుంది కదా, ఆ జిగురు కణాల బయట ఉండి నీటిని పట్టుకుంటుంది. ఐసు పుట్టినా ఆ జిగురులోనే పుట్టి నెమ్మదిగా పెరుగుతుంది. కణం నుంచి నీరు ఒక్క ఉదుటున కాకుండా మెల్లగా బయటికి వస్తుంది కాబట్టి కణానికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. ఇదంతా చూశాక నాకు అనిపించేది ఒక్కటే: ఎండాకాలం నీళ్లు దాచుకునే మొక్క, చలికాలానికి తనంతట తాను కరువు తెచ్చుకుంటోంది. ఐసు వచ్చి లాగేసుకునే లోపే ఇచ్చేస్తోంది.

ఇదే దారిలో చివరిదాకా వెళ్లిన మొక్క బాల్కన్ కొండల్లో ఉంది. హబెర్లియా రోడోపెన్సిస్ అనే ఈ చిన్న మొక్క వేసవిలో పూర్తిగా ఎండి, ఆకులు చుట్టుకుపోయి, వాన పడగానే మళ్లీ పచ్చబడుతుంది. పునరుజ్జీవ మొక్కలంటారు వీటిని. గడ్డకట్టే చలి వచ్చినా దాని ఆకులు అచ్చం అలాగే ఎండి చుట్టుకుపోతాయి, వసంతంలో అలాగే విచ్చుకుంటాయి. మొదట్లో చెప్పుకున్న ఎండు గింజ పనిని ఇది నిండు ఆకులతో చేస్తోంది.

రోజూ రాత్రి చలీ పగలు ఎండా ఉండే భూమధ్యరేఖ దగ్గరి ఎత్తైన కొండల్లో ఈ పద్ధతి కుదరదు. రోజుకోసారి ఎండి రోజుకోసారి నిండడం ఎవరి వల్లా కాదు. ఆండీస్‌లోని ఎస్పెలెషియా అనే మొక్కల ఆకులు ఆ కొన్ని గంటలూ ఐసు పుట్టకుండానే నెట్టుకొస్తాయి. ఆ మొక్కలు చచ్చిన పాత ఆకుల్ని రాల్చకుండా కాండం చుట్టూ కోటులా ఉంచుకుంటాయి.

కణాలు బతికితే సరిపోదు, నీరు పారే గొట్టాలు కూడా మిగలాలి. గడ్డకట్టినప్పుడు నీటిలో కరిగిన గాలి బయటికొచ్చి బుడగలు కడుతుంది, కరిగాక ఆ బుడగ పెద్దదైతే గొట్టం మూసుకుపోతుంది. గొట్టం సన్నగా, సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే తక్కువ వెడల్పుతో ఉంటే బుడగలు చిన్నవిగా ఉండి మళ్లీ కరిగిపోతాయి. కరువు ప్రాంతాల పొదలు చాలావాటికి ఎలాగూ సన్నని గొట్టాలే ఉంటాయి. అయితే నేల బాగా ఎండి ఉన్నప్పుడు గొట్టాల్లో నీరు బిగుతుగా లాగబడి ఉంటుంది, అప్పుడు చిన్న బుడగ కూడా పెరిగిపోతుంది. ఇక్కడ మాత్రం కరువూ చలీ చేతులు కలిపి చంపుతాయి.

తడి చలి

ఇలాంటి మొక్కల్ని పెంచేవాళ్లు తరచూ చెప్పే మాట ఒకటుంది: చలికి చచ్చినవాటికంటే చలిలో తడికి చచ్చినవే ఎక్కువ. పై సంగతులన్నీ తెలిశాక ఇందులో వింత లేదు. వేరు దగ్గర నీళ్లు నిలిస్తే మొక్క తనను తాను ఎండబెట్టుకోలేదు. నిండు కణాలతో చలిలోకి అడుగుపెడుతుంది. తడిసిన మట్టిలో గాలి ఆడదు, చలికి చిన్న గాయమైనా శిలీంధ్రం పట్టుకుంటుంది. ఆల్ప్స్ పర్వతాల రాళ్ల సందుల్లో మంచు కింద హాయిగా బతికే సెంపర్వైవమ్ అనే దళసరి ఆకుల చిన్న మొక్కను తీసుకొచ్చి జిగటమట్టి కుండీలో పెట్టి నీళ్లు పోస్తే, అక్కడి చలిలో సగం లేకపోయినా కుళ్లుతుంది. చలికాలం ముంగిట నత్రజని ఎరువు వేసి కొత్త చిగుళ్లు తెప్పించడం కూడా అంతే హాని. లేత చిగురుకు ఈ ఏర్పాట్లేవీ ఉండవు.

టైమింగ్ కూడా చూడాలి. చలికి సిద్ధపడడానికి మొక్కకు వారాలు కావాలి. ఆ సిద్ధపాటు వదిలేయడానికి కొద్ది రోజుల వెచ్చదనం చాలు. నడి శీతాకాలంలో మైనస్ 20ని లెక్కచేయని మొక్కే, చలికాలం చివర్లో వారం రోజులు ఎండ కాసి మొక్క నీళ్లు తాగడం మొదలుపెట్టాక, మైనస్ 6కి పోవచ్చు. చలి ఎంత అన్నదానికంటే అది ఎప్పుడొచ్చిందన్నది ఎక్కువ తేల్చేస్తుంది.

గడ్డకట్టిన రాత్రి తర్వాత మొక్క బతికిందో లేదో వెంటనే తేల్చాలని అందరికీ టెన్షన్‌గా ఉంటుంది. పూర్తిగా కరిగేదాకా ముట్టుకోకుండా ఆగి చూడండి. ముడతలు పడి, వాడి, రంగు మారి ఉన్న జెముడుకు చాలాసార్లు ఏమీ కాలేదని అర్థం, వసంతం వచ్చాక అది లేస్తుంది. చర్మం కింద గాజులా పారదర్శకంగా, నీళ్లు నిండిన మచ్చలు కనిపించి, నొక్కితే లోపలి కండ వేలికి మెత్తగా జారిపోతే మాత్రం అక్కడి త్వచాలు పగిలిపోయినట్టే. పొడి రోజు చూసి, పదునైన కత్తితో ఆ భాగాన్ని గట్టి కండ తగిలేదాకా కోసి, కోసిన చోటు ఆరనివ్వాలి. నీళ్లు మాత్రం పోయొద్దు.